విడిచిపెట్టిన అధ్యాయం

ఎనిమిదింటికల్లా కొత్తవాడలోని ఆ ఇంట్లో మగ్గం చప్పుడు మొదలవుతుంది. రెండేళ్లుగా తలుపు వేశాకే మొదలవుతోంది. మగ్గం గుంతలో కూర్చుని జంపఖానా, అంటే నూలు తివాచీ, నేసేది శ్యామలమ్మ. పక్కన పీట మీద నూలు కండెలు చుట్టేది ఆమె భర్త బాలకిషన్. ఆ వాడలో నేత మగవాళ్ల పని, కండెలు ఆడవాళ్లవి. బాలకిషన్ కుడిచెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి ఈ తారుమారు గడప దాటకుండా సాగుతోంది.

కూతురు మహిత డిగ్రీలో పాఠంగా ఉన్న పాత నవల వాళ్లకు చదివి వినిపిస్తుంది. కోట వాకిట ఒక్కడే నిలిచి పోరాడిన సిపాయి కథ. ఆ యుద్ధం బాలకిషన్ నాలుగుసార్లు చదివించుకున్నాడు. తర్వాతి అధ్యాయం మాత్రం వద్దంటాడు. అందులో సిపాయి, గెలిచినందుకు మెడలో వేసిన దండ తీసేసి, తాను మొదటిరోజు పారిపోవడం వల్లే జతగాడు చనిపోయాడని ఆ జతగాడి తల్లికి చెబుతాడు.

"ధైర్యం మీద వ్యాసం రాయమన్నరు బాపూ. నేను ఆ సిపాయి తప్పు ఒప్పుకున్న ముచ్చటే రాసిన," అంది మహిత ఆ ఉదయం.

"తల్వార్ వట్టి నిలవడ్డది ధైర్యం కాదా?"

"అదీ ధైర్యమే. గని ఆడ ఎదురుంగ దుష్మనే ఉంటడు. ఈడ వాడకట్టంత సూస్తాంటది."

బాలకిషన్ గడియారం చూశాడు. పదకొండింటికి నేతసంఘం కార్యదర్శి వెంకటయ్య వస్తాడు. నెమలి జంపఖానాకు బాలకిషన్‌ను ఉత్తమ నేతకారుడిగా ఎంపిక చేశారు. నేస్తుండగా వీడియో తీస్తారట.

"ఇగ లే శ్యామలా. వాళ్లొచ్చినంక నాలుగు పోగులు ఎట్లనో నేస్త."

శ్యామలమ్మ చేతిలో అడ్డపోగు నడిపే నాడె ఆగింది.

"నేను లేవ."

"ఏందే?"

"రెండేండ్లాయె. తలుపు సప్పుడైతే నేను లేసుడు, నువ్వు కూసునుడు. నెమలి కన్ను నేసి నేసి నా కండ్లు మండినయి. ఇయ్యాల లేవ."

"పెండ్లాంతోని నేపిచ్చి పేరు కొట్టేసిండని నవ్వుతరు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"దండ నువ్వే ఏసుకో. గుంతల నుంచి మాత్రం లేవ."

మహిత వెళ్లి రెండు తలుపులూ బార్లా తెరిచింది. వీధి వెలుగు మగ్గం మీద పడింది. బాలకిషన్ చేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు.

పదకొండింటికి వచ్చిన వెంకటయ్య గడపలోనే ఆగాడు. "ఏందన్నా, వదిన గుంతల కూసున్నది? జర లేవమను."

శ్యామలమ్మ కదల్లేదు. భర్త వైపు చూడనూ లేదు. బాలకిషన్ తువ్వాలు తీసి చెయ్యి ముందుకు చాపాడు. అది గాలిలో కొట్టుకుంటోంది.

"సూడు ఎంకటయ్యా. రెండేండ్ల సంది గిట్లనే. నెమలిని నేసింది శ్యామల. నేను కండెలు చుట్టిన."

"లిస్టుల నీ పేరు పోయిందన్నా! గిప్పటికి నువ్వే కూసో. ఎవలకెరుక?"

"మాకెరుక. పేరు మార్చినంకనే ఫోన్ తియ్యి. మార్చకుంటే చాయ్ తాగి పో."

వెంకటయ్య చాయ్ తాగాడు. అడిగి చూస్తానన్నాడు గానీ మాటివ్వలేదు. వెళ్లిపోయాడు.

శ్యామలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కండె అయిపోయింది, ఇయ్యి," అంది కసురుతున్నట్టు.

అతని చేతిలోంచి కండె జారి గడప దాటి దొర్లింది. బయట ఇరుగుపొరుగు నిలబడి చూస్తున్నారు. బాలకిషన్ వాళ్ల మధ్యకు వెళ్లి, వంగి, వణికే చేత్తోనే దాన్ని తీసుకొచ్చి భార్యకిచ్చాడు. తలుపు వెయ్యలేదు.

"బిడ్డా," అన్నాడు పీట మీద కూర్చుంటూ, "ఇడిసిపెట్టింది సదువు."