చాందీ కట్టిన రెయిడ్

"రెయిడ్ కోసం వచ్చానండీ," అన్నాడు జవహర్, కోదాడ నుంచి వచ్చి సూర్యాపేటలోని పెళ్లి వీడియోల స్టూడియో ముందు బైకు దిగుతూ.

ఓనరమ్మ స్వరూప గబుక్కున షట్టర్ సగం దించేసింది. "రెయిడా! సార్, మేం ట్యాక్స్ కడుతున్నం గదా!"

లోపల కంప్యూటర్ ముందున్న చాందీ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి మునగాల దాబాల్లో చాయ్ పొంగిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అక్కా, గా రెయిడ్ గాదు. నాలుగు డిస్కులను ఒక్కటి జేసి కట్టుడు. ఒకటి సచ్చినా మన వీడియోలు బతుకుతయ్. గీయన కంప్యూటర్లమ్మే సారు, గంతే."

జవహర్ డబ్బా తెరిచి ఓ ఆకుపచ్చ కార్డు తీశాడు. "ఇది పెడితే సర్వర్‌కి డిస్కుల బాధే ఉండదు మేడం. అంతా కార్డే చూసుకుంటుంది."

"కార్డే పోతే?" అంది చాందీ.

"పోదు."

"పోతే?"

"ఆ డిస్కుల్ని ఇంకే కార్డూ చదవలేదు. ఇలాంటిదే ఇంకోటి తెస్తాం."

"ఏడికెళ్లి తెస్తవ్? అది దొరికేదాక బరాత్ ఆపుమంటవా? కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌లనే రెయిడ్ ఉంది. నేనే కడ్త. కార్డు వద్దు."

"కార్డు లేకుండా రెయిడా! డ్రైవర్ లేకుండా బస్సు నడుపుతావా?"

"నడుపుత. ఎక్కుతవా?"

ఎక్కాలనే ఉంది జవహర్‌కి. కానీ కార్డు తీసి మళ్లీ డబ్బాలో పెట్టుకున్నాడు.

స్వరూప చాందీ మాటకే ఒప్పుకుంది, ఒక మెలికతో. "ఒక్క పెళ్లి వీడియో పోయినా, ఇగ నువ్వు పనికి రాకు."

ఆ తర్వాత జవహర్ వారానికి మూడుసార్లు కోదాడ నుంచి వచ్చేవాడు, "కార్డు కావాలా?" అని అడగడానికి. ఫోను చేస్తే సరిపోయేది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం వాన పడింది. ఎంత వానంటే, చేపలు సూర్యాపేట బస్టాండులో దారి అడుక్కుంటూ తిరిగాయి. ఒక్క పిడుగు పడి స్టూడియోలో ఉన్న మిషన్లన్నీ మాడిపోయాయి.

ఆ సాయంత్రమే ఏడింటికి మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో నరేందర్, నీరజల రిసెప్షన్. వాళ్ల పెళ్లి సినిమా అక్కడ తెర మీద వేయాలి. అది చాందీ రెయిడ్ కట్టిన సర్వర్‌లోనే ఉంది.

"పోయిందా?" అంది స్వరూప, ఏడుపు గొంతుతో.

"మిషన్ పోయింది. డిస్కుల సంగతి ఇంకా తెల్వదు," అంటూ చాందీ జవహర్‌కి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, "ముందే చెప్పా కదా అని నవ్వుతవేమో. నవ్వు," అంది.

"తర్వాత నవ్వుతాలే. నా దగ్గర పాత కంప్యూటర్ ఉంది, లినక్స్ ఎక్కించి తెస్తా. నువ్వు డిస్కులు పట్టుకుని మిర్యాలగూడ రా."

ఆరున్నరకి హాల్లో కలిశారు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. చాందీ ప్లాస్టిక్ కవరు విప్పింది.

"ఏది ఒకటో నంబరు? ఏది నాలుగు?" అన్నాడు జవహర్.

"తొందరల గుర్తు వెట్టలే."

"అయ్యో! వరస తప్పితే ఎట్లా?"

"దేని జాగ ఏందో దాని లోపలనే రాసి ఉంటది. లినక్స్ సదువుకుంటది. ఎట్లనన్న పెట్టు."

పెట్టాడు. మూడు డిస్కులు లేచాయి. నాలుగోది ఉలకలేదు. జవహర్ చాందీ మొహం చూశాడు. చాందీ కీబోర్డు మాత్రమే చూసింది.

"ఒకటి పోయింది. మూడున్నయ్, సాలు. దాని బరువు గివే మోస్తయ్."

ఏడింటికి తెర వెలిగింది. పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తూ నవ్వింది. హాలంతా విజిల్స్. వెనకాలే హాలుకి వచ్చిన స్వరూప చాందీని గట్టిగా హత్తుకుని, "రేపు జర జల్ది రా, పనుంది," అని ముక్కు తుడుచుకుంది.

ఆమె అటు వెళ్లగానే జవహర్ గొంతు సవరించుకున్నాడు. "ఓడిపోయా చాందీ. ఇవాళ నా కార్డు గనక మాడి ఉంటే, మూడు ఊళ్లు తిరిగినా అలాంటిది దొరికేది కాదు."

"గంతేనా?"

"ఇంకోటుంది. నా మనసు మాత్రం ఆ కార్డుతో కట్టిన డిస్కులాంటిదే. ఒక్కరే చదవగలరు. వేరే ఎవరు తెరిచినా ఖాళీ అని చూపిస్తుంది."

చాందీ చెవులు ఎర్రబడ్డాయి. "మరి గిన్నిరోజులు ఎందుకు చెప్పలే?"

"నువ్వేమో కార్డు వద్దన్నావ్."

"కార్డు వద్దన్న. మనిషిని వద్దన్ననా?"

బయట తీన్మార్ మొదలైంది. చాందీ అతని చెయ్యి పట్టి గుంజింది. ఆ ఇద్దరి స్టెప్పులకి మిర్యాలగూడ మీది మబ్బులు కూడా పక్కకి జరిగి చోటిచ్చాయి.