ముందే మూసే తలుపు

ఇలా రండమ్మా, కుర్చీలు ఇంకాస్త దగ్గరికి లాక్కోండి. మాతే ఆకు కషాయం గిన్నె చేతులు మారుతూ ఉంటుంది, మీ వంతు వచ్చినప్పుడు ఒక గుటక వేసి వింటూ ఉండండి. ఇది మన బోయెదో పేటలో, మా వెనక వీధిలో ఉండే నేలిదా కథ.

ఆ రోజు మంగళవారం. జనవరి ఆఖరు, మనకు నడివేసవి, బ్యూనస్ ఐరిస్ పెనంలా కాలుతోంది. నేలిదా లేచిన దగ్గర్నుంచి ఒకచోట కుదురుగా లేదు. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. కిటికీ తెరిచింది, మూసింది. భర్త ఓస్వాల్దో నిరుడు పోయినప్పటి నుంచి ఆమెకు ఈ కాలు నిలవని జబ్బు పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు, కంట నీరూ లేదు.

కూతురు రొసియో బల్ల దగ్గర రొట్టెకు పాలకోవా రాసుకుంటూ తల్లినే చూస్తోంది.

“అమ్మా, ఇవాళ లిలియానా గారి దగ్గరికి వెళ్ళాలి, గుర్తుందా?”

“వెళ్ళను. మానేశాను.”

“మానేశావా! ఆవిడకు చెప్పావా మరి?”

“చెప్పేదేముంది? రేపట్నుంచి ఆవిడ నెలంతా సముద్రం ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుంటుందట. నేను పనిగట్టుకు వెళ్ళి టాటా చెప్పాలా?”

రొసియోకి నవ్వొచ్చింది. “ఫిబ్రవరిలో ఈ ఊళ్ళో మనసు వైద్యులు ఒక్కరైనా ఉంటారా అమ్మా? రొట్టెల కొట్టాయన అంటాడుగా, పిచ్చెక్కాలంటే మార్చి దాకా ఆగండని!”

“ఆగగలిగేవాళ్ళని ఆగమను.”

ఆ వైద్యానికి తల్లిని పంపింది రొసియోనే. మాత్రో, సలహానో ఇస్తారని వెళ్ళిన నేలిదాకు రెండూ దొరకలేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు. వారం వారం అదే రోజు, అదే వేళ, గంటకు కాస్త తక్కువ. “మనసులోకి ఏది వస్తే అది చెప్పండి” అంటుంది లిలియానా. ఆపైన ఊరుకుంటుంది. “ఏమీ రావడం లేదండీ” అంటే, “రాకపోతే ఎలా ఉంది?” అంటుంది! ఒకసారి నేలిదా పండ్లపాకం పెట్టిన తీపి రొట్టె చేసి పట్టుకెళ్ళింది. పుచ్చుకుని తింటే పోయేదా? “ఇది నాకు చేసిపెట్టాలని ఎందుకనిపించింది?” అని అడిగింది. నేలిదాకు ఒళ్ళు మండిపోయింది. పైగా అక్కడ మాట్లాడిన కొద్దీ మొదట్లో నొప్పి తగ్గకపోగా పెరిగింది. అయినా మంగళవారం వచ్చేసరికి తల దువ్వుకుని బయల్దేరేది.

రొసియో రొట్టె పక్కన పెట్టేసింది. “అమ్మా, ఇంకో మాట. దక్షిణాన నెయుకేన్‌లో నాకు బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మార్చిలో బడులు తెరిచేలోగా వెళ్ళాలి.”

నేలిదా చేతిలోని గుడ్డ మడిచి పెట్టి లోపలికి వెళ్ళింది. కాసేపటికి పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. కూతురి బట్టలు, చెప్పులు, దిండు కూడా అందులో కుక్కేసి ఉన్నాయి. తెచ్చి వీధి తలుపు పక్కన పెట్టింది.

“ఇదిగో. మార్చి దాకా దేనికి?”

“అమ్మా! నన్ను గెంటేస్తున్నావా?”

“పోయేదానివేగా. గది ఖాళీ అయితే సున్నం వేయించుకుంటాను.”

“నాన్నకీ ఇదే చేశావు!” రొసియో లేచి నిలబడింది. “ఆయన ఆసుపత్రిలో ఇంకా ఊపిరి తీస్తుండగానే చొక్కాలన్నీ మూటకట్టి చర్చికి ఇచ్చేశావు. వాసన చూసుకుందామంటే నాకు ఒక్కటి మిగల్చలేదు!”

నేలిదా ఇంట్లో ఉండలేక వీధిలోకి వచ్చేసింది. తోచిన సందులోకల్లా తిరిగింది. ఎండలో తిరిగి తిరిగి, చివరికి లిలియానా తలుపు కొట్టింది. అప్పటికే ఆమె వేళలో సగం గడిచిపోయింది.

“రాకూడదనుకున్నాను” అంది కూర్చోకుండానే. “మీరెలాగూ పోతున్నారుగా.”

“నా మీద కోపంగా ఉందా?”

“మీరు సెలవుకి పోతే నాకెందుకు కోపం? నాకేమన్నా చుట్టమా మీరు?” అని అరిచేసింది. అరిచి తనే ఉలిక్కిపడింది. లిలియానా నొచ్చుకోలేదు, లేచీ పోలేదు. నేలిదా మెల్లగా కుర్చీలో కూలబడి, పెట్టె సంగతి, చొక్కాల సంగతి చెప్పింది.

“మీ వారిని, మీ అమ్మాయిని, నన్ను... మేం వెళ్ళకముందే మీరే సాగనంపేస్తున్నారేమో.”

 ఆ మాటకు నేలిదాకు చిన్నప్పుడు పెరిగిన తుకుమాన్ చెరకు తోటలు కళ్ళముందు నిలిచాయి. పట్నంలో ఇంటిపనికి కుదిరిన అమ్మ, పిల్ల లేస్తే ఏడుస్తుందని, నిద్రలో ఉండగానే వెళ్ళిపోయింది. లేచి తడిమితే పక్క చల్లగా ఉంది. చాన్నాళ్ళకు అమ్మ తిరిగొచ్చి చేతులు చాపింది.

“నేను అమ్మ దగ్గరికి వెళ్ళలేదు” అంది నేలిదా, అదంతా చెప్పి. “పెద్దమ్మ వెనక దాక్కుని, ఈవిడెవరు అన్నాను. తెలిసే అన్నాను.”

ఓస్వాల్దో పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. లిలియానా ఊరుకోమనలేదు, ఏడవనిచ్చింది. వేళ ముగిశాక మాత్రం, “మార్చి మొదటి మంగళవారం ఇక్కడే ఉంటాను” అంది.

“చూద్దాం లెండి” అంది నేలిదా ముక్కు చీదుకుంటూ.

ఇంటికొచ్చేసరికి రొసియో ఆ పెట్టె మీదే కూర్చుని ఉంది, కళ్ళు ఉబ్బి. నేలిదా పక్కనే నేలమీద చతికిలబడింది.

“వెళ్ళొద్దనాలని ఉందే నాకు. నోటిదాకా వచ్చింది. అనను. కానీ కోప్పడతాను, ఏడుస్తాను. భరించాలి నువ్వు.”

“భరిస్తానమ్మా.”

“నాన్న చొక్కాలు ప్రేమ లేక ఇవ్వలేదే. అవి ఒంటరిగా వేలాడుతుంటే చూడలేనని భయమేసి ఇచ్చేశాను.”

రొసియో కిందికి జారి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నేలిదా ఆ జుట్టులో వేళ్ళు పోనిచ్చింది. పొద్దుటి నుంచి ఆగని ఆ చెయ్యి అక్కడ ఆగింది.

“ఒక్కటే అడుగుతాను. బస్సు ఎంత తెల్లవారుజామునున్నా సరే, అమ్మ నిద్రపోతోంది పాపం అని వెళ్ళిపోకు. లేపు. లేపి, నా మొహం చూసి వెళ్ళు.”

అంతేనమ్మా కథ. మీ ఇళ్ళలో ప్రయాణం కట్టినవాళ్ళుంటారు, వాళ్ళ మీద ఊరికే విసుక్కునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి నేలిదా సంగతి చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు, ఆ ఆఖరి మాట మాత్రం మరిచిపోకండి.