ఊ కొట్టే మనిషి

నవలలు రాసేవాళ్ళని అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మీకు ప్రేరణ ఎక్కణ్ణించి వస్తుందండీ?" అడిగేవాళ్ళకి విసుగు రాదు, చెప్పేవాళ్ళకి సిగ్గు ఉండదు. ఆదోనిలో ఉండే కన్యక కూడా దానికొక జవాబు తయారుగా పెట్టుకుంది. "ఈ మెట్టనేల, ఈ మనుషులు, వీళ్ళ మాట," అంటుంది. సభలో చప్పట్లు పడతాయి. అది పచ్చి అబద్ధమేమీ కాదు గానీ, అసలు సంగతి అది కాదు.

అసలు సంగతి ఆమె భర్త శ్రీధర్. పత్తి మండీ వ్యాపారం ఆయనది. పేపర్లో ధరల పేజీ తప్ప ఇంకేదీ చదివిన పాపాన పోలేదు. కానీ కన్యక ఏ నవలైనా ముందు ఆయనకి నోటితో చెప్పాలి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టాలి. పొద్దు వాలేవేళకి ఆయన మండీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మేడమీద హాల్లో పడక్కుర్చీలో కూలబడేవాడు. లైటు వేసేవాళ్ళు కాదు. ఆమె చెప్పేది, ఆయన ఊ కొట్టేవాడు. బాగుందనడు, బాగాలేదనడు. ఊ చురుగ్గా పడిందా, ఆ ముక్క ఉంటుంది. ఊ నీరసించిందా, కొట్టేయడమే. పెద్దపెద్దవాళ్ళు తెగ మెచ్చుకున్న ఆమె నవలలన్నీ ఆ జల్లెడలోంచి దిగినవే. వింటే నవ్వుతారని ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజు కర్నూలు నుంచి మౌనిక అనే అమ్మాయి వచ్చింది. పుస్తకాల మీద యూట్యూబ్ ఛానెల్ నడుపుతుంది. రాబోయే నవల గురించి ఇంటర్వ్యూ కావాలంది. కన్యక ఆమెని మేడమీద హాల్లో కూర్చోబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. "అయ్యో, ఇన్నెందుకు మేడమ్," అంటూనే ఆ పిల్ల ప్లేటు ఖాళీ చేసి, చేతులు తుడుచుకుని, ఫోన్‌ని స్టాండుకి బిగించింది. చిన్న మైకు తీసి కన్యక కొంగుకి తగిలించింది. అప్పటికే పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. కిటికీలోంచి జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి గాలి, పత్తిగింజల వాసన మోసుకుని వస్తోంది.

"లైటు వేసేదా అమ్మా?"

"వద్దు మేడమ్, ఈ వెలుగు బాగుంది. మొదలుపెడదామా? మీకు ప్రేరణ ఎక్కణ్ణించి వస్తుంది?"

కన్యక తన తయారీ జవాబు చెప్పింది. ఆ పిల్ల తలూపింది.

"మరి కొత్త నవల దేని గురించి?"

"జయన్న అని ఒక బండాయన. ఆలూరు అవతల పల్లె. ఆదోని మండీకి పత్తి తోలుకొచ్చి, అమ్ముకుని, ఇంటికి మళ్ళుకుంటాడు. పెండ్లాం వాకిట్లో ఎదురుచూస్తాంటుంది. దారి పొడుగునా ఏదో ఒకటి అడ్డం పడతాంటుంది. ఎంతకీ ఇల్లు చేరలేడు."

"చివరికి చేరతాడా?"

"అది ఇప్పుడే చెప్తే పుస్తకం ఎవరు కొంటారు?" అని కన్యక నవ్వేసింది. కానీ కథ నోట్లోకి వచ్చాక ఊరుకునే మనిషి కాదామె. హగరి ఏటి ఇసకలో బండి చక్రం దిగబడిన చోటు ఎత్తుకుంది. ఎద్దులు మోకాళ్ళ మీద పడటం, జయన్న భుజం ఆనించి చక్రాన్ని తొయ్యడం, ఎగువన ఎక్కడో వాన ఉరమడం. చెప్తూ చెప్తూ ఎదురుగా ఉన్నది ఫోన్ అన్న సంగతే మర్చిపోయింది.

మౌనిక చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ చూసింది.

"మేడమ్... సార్ లోపల ఉన్నారా?"

"ఏం?"

"ఏం లేదు, మీరు చెప్తుంటే ఊ కొడుతున్నారు. మైకులో పడుతోంది. ఆయన్ని కూడా ఇక్కడే కూర్చోమంటే, ఇద్దర్నీ కలిపి తీస్తాను."

కన్యక చూపు పడక్కుర్చీ మీదికి పోయింది.

శ్రీధర్ పోయి ఒక వేసవి దాటిపోయింది. ఆ పిల్లకి తెలిసే దారి లేదు. దండేసిన ఫోటో ఆ ఇంట్లో ఎక్కడా లేదు. కన్యక పెట్టనియ్యలేదు. ఎందుకు పెట్టాలి? దినాలు అయిపోయి చుట్టాలందరూ వెళ్ళిపోయిన సాయంత్రం అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీ ముందు కూర్చుని కథ ఎత్తుకుంటే, ఊ అని వినిపించింది. ఆ మర్నాడూ వినిపించింది. అప్పట్నుంచి రోజూ. దిగులు పట్టిన చెవులు, అంతే, అని తనకి తానే చెప్పుకుంది. ఇప్పుడు ఊరుగాని ఊరు నుంచి వచ్చిన పిల్లకి కూడా వినిపిస్తోంది.

ఆమెకి మొదట కలిగింది భయం కాదు. సంతోషం. గుండె పట్టనంత సంతోషం.

"ఏదీ, ఒకసారి నాకు వినిపించు," అంది చెయ్యి చాపి.

మౌనిక రికార్డింగ్ వెనక్కి జరిపి, ఇయర్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టింది. ముందు తన గొంతే. ఇసక, చక్రం, ఎద్దులు. ఆ తర్వాత ఊ. ఆయనే. అనుమానం లేదు. కన్యక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఊకీ ఊకీ మధ్య ఇంకో చప్పుడు ఉంది.

గర్ర్... గర్ర్... ఛాతీ అడుగు నుంచి గాలిని లాక్కునే చప్పుడు. లాగి... లాగి... అందక... మళ్ళీ లాగి... అప్పుడు ఊ. ఒక్కొక్క ఊకీ ఆ మనిషి ఎంత పెనుగులాడుతున్నాడో ఆ చిన్న మైకు మొత్తం పట్టేసింది. ఇన్నాళ్ళూ ఆమెకి ఊ మాత్రమే వినిపించింది. ఆమె చెవులు తమకి కావలసిందే విన్నాయి.

ఇయర్‌ఫోన్లు పీకేసింది.

"లోపల ఎవరూ లేరమ్మా. ఆయన పోయినాడు."

మౌనిక ఆమె ముఖం చూసింది. కుర్చీ వైపు చూసింది. స్టాండు మడిచి సంచిలో కుక్కి, "వస్తాను మేడమ్," అని గొణిగి, మెట్లు దిగిపోయింది. వీడియో గురించి ఆ తర్వాత ఫోన్ కూడా చెయ్యలేదు.

ఆ రాత్రి కన్యక కంటిమీద కునుకు లేదు. ఆ గర్ర్ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. శ్రీధర్ చివరి నెలలన్నీ అదే. ఏండ్ల తరబడి పీల్చిన పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. పగలూ రాత్రీ ఆ పడక్కుర్చీలోనే వెనక్కి వాలకుండా కూర్చుని ఉండేవాడు. "ఒక్కసారి నడుం వాల్చితే సాలమ్మా," అనేవాడు. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పిన సాయంత్రమే కన్యక జయన్న కథ మొదలుపెట్టింది. కావాలనే మొదలుపెట్టింది. రోజూ మంచి చిక్కు దగ్గర ఆపి, "మిగతాది రేపు," అనేది. కథ కోసం ఎదురుచూసే మనిషి పోడని ఆమె ఆశ. పిచ్చి ఆశే. కానీ డాక్టరు చెప్పిన గడువు దాటి ఆయన ఎన్నో రోజులు ఉన్నాడు. ఉండబట్టి ఆమె కథని ఇంకా సాగదీసింది. చక్రం ఇసకలో ఉండగానే ఒక సాయంత్రం ఊ ఆగిపోయింది. ఆ తర్వాత కూడా ఆమె రోజూ ఆ చక్రం దగ్గరే ఎత్తుకుని, అక్కడే ఆపేది.

తెల్లారి మొదటి బస్సుకే ఎమ్మిగనూరు పోయింది. అక్కడ ఆమె ఆడబిడ్డ కృష్ణకుమారి ఉంటుంది. శ్రీధర్‌కి సొంత అక్క, తల్లి తర్వాత తల్లి. వసారాలో కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. పక్క సందులోంచి మగ్గాల చప్పుడు వస్తోంది.

"వదినా," అంది కన్యక, చెప్పులు కూడా విడవకుండా. "ఆయన యాడికీ పోలేదు."

కృష్ణకుమారి ఉలిక్కిపడలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఊ కొడ్తాండాడా?"

"నీకెట్ల తెలుసు?"

"వానికి కథ చెప్పినావా? పోయే ముందర?"

"చెప్పినాను."

"అయిపోగొట్టినావా?"

"...లేదు."

కృష్ణకుమారి నుదురు కొట్టుకుంది. "ఎంత పని చేసినావే కన్యకా! మాలో పోయేవాళ్ళ దగ్గర కథ ఎత్తుకోరు. భజన చేస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, నోట్లో నీళ్ళు పోస్తారు. కథ మటుకు ఎత్తుకోరు. ఎత్తుకున్నారా, ముగించాల్సిందే. ఊ అన్నోడు కథ అయ్యేదాంక లేయలేడు. మా అవ్వ ఎప్పుడూ చెప్తాండె. నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఆయన ఉండాలని... ఇంకొన్నాళ్ళు ఉండాలని చెప్పినా వదినా."

"ఉండినాడు గదా! ఏం సుఖపడినాడు? బతికినన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చోనే ఉండె, పండుకోలేక. సచ్చినాక కూడా అట్లే కూర్చోబెట్టినావు నా తమ్ముణ్ణి." చేట పక్కకి తోసేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. మధ్యలో మగ్గాలు ఆగినా వాళ్ళకి తెలియలేదు. బస్సు ఎక్కించేటప్పుడు కృష్ణకుమారి కన్యక చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ముగించు తల్లీ. ఈపొద్దే ముగించు. వాణ్ణి పండుకోనీ."

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. కన్యక లైటు వెయ్యలేదు. మేడమీద హాల్లో గాలి కదలడం లేదు. పచ్చి పత్తి వాసన. దానికింద ఛాతీకి రాసే తైలం వాసన. కుర్చీ గుడ్డ, ఎవరో కూర్చున్నట్టు, కిందికి కుంగి ఉంది.

ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది.

"హగరి ఇసకలో బండి చక్రం దిగబడిందని చెప్పినా కదా..."

గర్ర్... గర్ర్...

"...ఊ."

ఇప్పుడు ఆ చప్పుడు వినకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. పళ్ళు బిగబట్టి చెప్పుకుపోయింది. జయన్న తలగుడ్డ విప్పి చక్రం కింద వేసినాడు. ఊ. ఎద్దుల వీపు నిమిరి, ఒక్కపారి అదిలించినాడు. ఊ. చక్రం కదిలింది. ఊ! ఆ ఊకి బలం వచ్చింది. పెళ్ళయిన కొత్తలో, మొదటి కథ చెప్పినప్పుడు పడ్డ ఊ అలాగే ఉండేది. కన్యక ఏడుస్తూనే చెప్పింది. వంక దాటినారు. చేలు దాటినారు. ఊళ్ళో కుక్కలు మొరిగినాయి. వాకిట్లో దీపం పట్టుకుని పెండ్లాం నిలబడింది. ఒక్క మాట అడగలేదు. కాళ్ళకి నీళ్ళిచ్చింది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది.

"తిని, చెయ్యి కడుక్కుని... మంచం మీద..."

అక్కడ ఆగింది. ఈ ఒక్క వాక్యం ఆపితే ఆయన రేపు కూడా ఉంటాడు. ఎల్లుండి కూడా ఉంటాడు. ఎదురుగా చీకట్లో గర్ర్... గర్ర్... ఎదురుచూస్తోంది.

"...నడుం వాల్చినాడు. కండ్లు మూసుకున్నాడు."

"ఊ..."

నిదానంగా. నిండుగా. నిద్రలోకి జారుతూ.

గర్ర్ చప్పుడు ఆగిపోయింది. కుర్చీ గుడ్డ మెల్లగా పైకి లేచింది. తైలం వాసన పోయింది. పత్తి వాసన పోయింది. హాలు ఉత్త హాలు అయిపోయింది.

ఆమె లేచి కిందికి పోవాల్సింది. లేవలేకపోయింది. శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చిన రోజు కూడా ఆమెకి ఆయన పోయినట్టు అనిపించలేదు. ఇప్పుడు అనిపించింది. ఇంత పెద్ద ఇంట్లో, ఈ చీకట్లో, ఇంక ఎప్పటికీ తను ఒక్కతే.

"ఏమండీ..."

పలకలేదు.

"ఏమండీ, ఒక్కసారి..."

లేదు. కన్యకకి ఊపిరాడలేదు. వద్దు వద్దని మనసు మొత్తుకుంటూనే ఉంది. నోరు ఆగలేదు.

"తెల్లారి... జయన్న నిద్ర లేచి..."

కుర్చీ గుడ్డ కదల్లేదు.

"ఊ."

శ్రీధర్ కాదు.

గర్ర్ లేదు, దగ్గు లేదు. ఆడో మగో, ముసలో పసో తెలియని గొంతు. కుర్చీలోంచి కాదు... దగ్గర్నుంచి. నేలమీద, ఆమె మోకాలి పక్కనుంచి. ఎన్నాళ్ళనుంచో చోటు కోసం కాచుకున్నట్టు, ఆత్రంగా.

కన్యక రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇంక ఒక్క మాట కూడా అనలేదు. కదలకుండా, చీకట్లో, అలాగే కూర్చుంది. ఒక వాక్యం చెప్పేంతసేపు గడిచింది.

"ఊ," అంది ఆ గొంతు.

ఇంకో వాక్యం చెప్పేంతసేపు.

"ఊ."

ఆమె ఎత్తుకుని ఆపేసిన కథని ఇంకెవరో చెప్తూనే ఉన్నారు. ఆమెకి వినపడటం లేదు, అంతే.