బుర్జుగుట్ట మీద కత్తెర సప్పుడు

బుర్జుగుట్ట ఎక్కేటోళ్లు చానమంది. గని పొద్దుగూకినంక కోట దర్వాజ పక్కపొంటి దిగేటోళ్లు ఒక్కలు లేరు. ఆ దర్వాజకు ఆనుకొని ఒక పెంకుటిల్లు ఉన్నది. కప్పు సగం కూలింది, అరుగు మాత్రం గట్టిగనే ఉన్నది. చీకటి పడితే ఆ అరుగు మీదికెళ్లి కత్తెర సప్పుడు వస్తదట — చిక్... చిక్... అని. దయ్యం జడలు కత్తిరిస్తదని కొందరు, చెవులు కత్తిరిస్తదని కొందరు. చెవి తెగినోన్ని నేనైతే ఇప్పటిదాక చూడలే. గని పోయి చూద్దామనే ధైర్యం ఎవలకుంటది చెప్పుండ్రి.

మా రత్నమాల వదినకున్నది.

వదినంటే మా అన్న భార్య. కోరుట్లల బీడీలు చేస్తది. అన్న పోయిండు. బిడ్డ సౌమ్య పెండ్లయి సిరిసిల్ల పోయింది. కొడుకు రాజేందర్ పొద్దున ఎల్లితే రాత్రిదాక సెల్‌ఫోన్ల దుకాణంల ఉంటడు. ఇదివరకు వదిన వాకిట్ల ఆడోళ్లందరు గుండ్రంగ కూసోని బీడీలు చేస్తుండె — ఒకలు ముచ్చట చెప్పుడు, అందరు నవ్వుడు. కొందరు ముసలోళ్లయిండ్రు, కొందరు మానేసిండ్రు. ఆఖరికి వదిన, వదిన బీడీల చాట మిగిలినయ్.

గప్పుడే ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. వదిన ఆధార్ కార్డు కొంగున కట్టుకొని బయలెల్లింది. ధర్మపురి, కొండగట్టు, వేములవాడ అన్ని అయినయ్. గని మనసు బుర్జుగుట్ట మీదనే పడ్డది.

"ఏమున్నది వదినా ఆడ, రాళ్లు తప్ప?" అన్న నేను.

"నీకేం ఎరుక మరిదీ. గుట్ట ఎక్కే బస్సుల కిటికి పక్క సీటు దొరుకుతది. దిగంగనే కనకయ్య హోటల్ల మిరపకాయ బజ్జి, చాయ్. అటెన్క దర్వాజ రాళ్లు చెయ్యితోని తడుముకుంట పోవుడు — ఎండకు కాలి ఉడుకుడుకు ఉంటయ్. మీద బుర్జు మీద కూసుంటే ఒకటే గాలి. కింద చెరువు అద్దం తీరు మెరుస్తది. ఆడ్నే చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట. ఎవ్వలు పలకరియ్యరు."

"మరింక హాయే గద."

"తిరిగినంతసేపు హాయే," అన్నది. "చాట ఒళ్లె పెట్టుకున్నప్పుడే... ఎట్లనో ఉంటది."

రాజేందర్‌కు మాత్రం ఈ తిరుగుడు నచ్చలే. "చీకటి పడకముందు ఇంట్ల ఉండాలె అమ్మా. ఒక్కరోజు తప్పినవా, ఇగ నీ తిరుగుడు బంద్," అన్నడు. వదిన ఒప్పుకున్నది. అట్ల ఒప్పుకొనే ప్రతి శనివారం పోతుండె.

ఇగ ఆ శనివారం సంగతి వదిన నోటితోని విన్నదే చెప్తున్న.

మొగులు పట్టి ఉన్నది. పొద్దు ఎప్పుడు గూకిందో తెల్వలే. వదిన ఆగమాగం చాట సర్దుకొని, ఆఖరి బస్సు అందుకోవాలెనని దర్వాజ పొంటి దిగుతున్నది. కరెంటు లేదు. ఊరంత నల్లగ...

చిక్.

వదిన ఆగింది.

చిక్... చిక్...

ముందుగాల చెవులు మూసుకున్నదట. అటెన్క మెల్లగ చేతులు తీసి విన్నది. ఆ సప్పుడు ఆమెకు చిన్నప్పటిసంది ఎరుకే. జడను కత్తిరిస్తే గట్ల మోగదు. గది ఆకును కత్తిరించే సప్పుడు... బీడీలకు తడిపిన తునికాకును. వాసన సుత వస్తున్నది.

"ఎవలు?" అన్నది వదిన.

కత్తెర ఆగింది. అరుగు మీద నల్లగ ఒక నీడ...

"బస్సుకు పోతున్నవా అక్కా?" సన్నటి గొంతు.

"ఆఁ. ఆఖరి బస్సు."

"జెరసేపు... కూసోవా?"

కింద బస్సు హారన్ కొట్టింది. ఇప్పుడు పోకపోతే రాజేందర్ ఇగ ఎన్నడు పోనియ్యడు — ఆ మాట యాదిలనే ఉన్నది. ఇంకోసారి హారన్. గని వదిన కాళ్లు కదలలే. భయంతోని కాదట. పక్కన కూసో అనే మాట విని ఎన్నేండ్లయిందో అని నిలబడ్డదట.

బస్సు ఎల్లిపోయిన సప్పుడు ఇనపడ్డది. వదిన అరుగెక్కింది.

"ఆ పక్క వద్దక్కా... నా కుడిపక్కకు రా. లేకుంటే మోచేతులు తాకుతయ్."

వదిన కుడిపక్కకు కూసున్నది. ఆకు, తంబాకు ఉన్న చాట నడుమల పెట్టింది. బీడీలు చేసే చేతులకు ఎలుగెందుకు? ఇద్దరు చీకట్లనే చుట్టవట్టిండ్రు. ఆకు చప్పుడు తప్ప ఏం లేదు.

చానసేపటికి ఆ గొంతు అడిగింది — "మీ వాకిట్ల ఎందరు కూసుంటరక్కా?"

"ఒకప్పుడు నిండుగుండె. ఇప్పుడు ఎవ్వలు లేరు."

"నా పక్కనైతే... ఎన్నడు లేరు."

ఇంతల కిందికెళ్లి టార్చిలైటు పడ్డది. బస్సుల వదిన కనపడలేదని హోటల్ కనకయ్య దేవులాడుకుంట వచ్చిండు. ఎలుగు అరుగు మీద పడంగనే కత్తెర ఆగింది.

వదిన ఎడమదిక్కు చూసింది. వట్టి బండ.

కనకయ్య ఫోన్ చేస్తే నేను, రాజేందర్ బండి మీద పోయేసరికి వదిన హోటల్ల కూసోని చాయ్ తాగుతున్నది. "అయిపోయిందమ్మా, ఇగ బంద్," అని రాజేందర్ మీదికి లేచిండు.

కనకయ్య మెల్లగ అందుకున్నడు. "అది లీల ఇల్లు. పోయి చాన ఏండ్లాయె. బీడీలు చేస్తుండె పాపం. ఎడమచెయ్యి వాటం. పక్కన కూసుంటే మోచెయ్యి తాకి తంబాకు ఒలుకుతదని ఏ వాకిట్ల కూసోనియ్యలే. ఒక్కతే ఆ అరుగు మీద చేసుకుంట చేసుకుంట... పోయింది."

వదిన చేతిల గిలాస కదలలే. నోటికాడనే ఆగింది.

"మరిదీ... నా చాట ఎలుగుల పెట్టు," అన్నది.

పెట్టిన. సగం బీడీలు వదిన చేతివి. మిగిలిన సగం... చుట్టు తిరగేసి ఉన్నది, ఎడమచేతితోని చుట్టినట్టు. బీడీల ఇంట్ల పుట్టి పెరిగినోడు రాజేందర్. ఒకటి తీసి తిప్పి చూసిండు. ఇంకోటి చూసిండు.

ఇంటికి చేరినంక ఒక్క మాటన్నడు — "పోతే పో అమ్మా. గని ఒక్కదానివి మాత్రం వద్దు. కాకను తోలుకపో."

కాక అంటే నేనే. మల్ల శనివారం ఇద్దరం పోయినం. బజ్జి తిన్నం, చాయ్ తాగినం, బుర్జెక్కినం. వదిన చెప్పిన దానికన్న మంచిగున్నది, అబద్ధమెందుకు. దిగేటప్పుడు వదిన ఆ అరుగు మీద జెరసేపు కూసోని, చెవిల చెప్పినట్టు ఏందో అన్నది. నాకు ఇనపడలే. పట్టపగలే తిరుగుబస్సు ఎక్కినం.

వదిన కిటికి పక్కన కూసున్నది. ఎడమదిక్కు సీటు ఖాళీ. వదిన సంచి సుత ఒళ్లెనే ఉన్నది. నేను ఎనక సీట్ల కూసున్న.

కండక్టర్ పిలగాడు వచ్చిండు. నాకు టికెట్ ఇచ్చిండు, వదిన కార్డు చూసి జీరో టికెట్ కొట్టిండు. పోకుంట ఆడ్నే నిలబడ్డడు, చెయ్యి చాపి.

"అవ్వా, నీదైంది. నీ పక్కనామె కార్డేది?"

నేను లేచి చూసిన. సీటు ఖాళీనే ఉన్నది.

వదిన ఆ సీటు దిక్కు చూసి, కొంగు సర్దుకొని, మెల్లగ అన్నది —

"ఊరు దాటుడు ఇదే మొదలు కొడుకా... కార్డు లేదు."