పన్నెండు నిమిషాల తేడా

షట్టరు ఎత్తుదామని వచ్చేసరికి దుకాణం మెట్ల మీద తల్లి కూర్చుని ఉంది.

కూతురు ఆ కరెంటు సామాన్ల దుకాణం పెట్టి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో తల్లి ఆ గడప తొక్కింది రెండేసార్లు. ప్రారంభించిన రోజు ఒకసారి, గల్లా పెట్టె తాళంచెవి ఇంట్లో మరిచిపోతే తెచ్చివ్వడానికి ఇంకోసారి. అలాంటి మనిషి పక్క కొట్టువాళ్ళు తాళాలు కూడా తియ్యకముందే వచ్చి కూర్చుందంటే మంచి కబురు అయ్యుండదని కూతురు లెక్కేసుకుంది.

"నాన్నకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. రేడియోకి కేబుల్ కావాలి. ముప్పై మీటర్లు. ఉన్నదాంట్లో మంచిది ఇవ్వు."

తాళంచెవి పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముప్పై ఐదేళ్ళుగా ఆ రేడియోని "నా సవతి" అనడం తప్ప తల్లి ఇంకో పేరుతో పిలిచి ఎరగదు.

"నీ సవతికి నువ్వే నగలు చేయిస్తున్నావా అమ్మా?"

"వెటకారం తర్వాత. తొందరగా కొలిచివ్వు. ఆయన మళ్ళీ ఎక్కుతారు."

ఆ చివరి మాట అంటూనే తల్లి లేచి మెట్లు దిగింది. కొట్టులో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకి ఒక అలవాటు వస్తుంది. ఎదుటి మనిషి ఏ సరుకు అడిగాడన్నది తర్వాత, ఎందుకంత తొందరపడుతున్నాడన్నది ముందు చూస్తారు. కూతురు షట్టరెత్తి, కేబుల్ చుట్ట తీసి భుజాన వేసుకుంది. షట్టరు మళ్ళీ దించింది.

"నువ్వెందుకు? నాకిస్తే చాలు కదా," అంది తల్లి.

"ఈ బరువు నువ్వు మొయ్యలేవు. పద."

తండ్రి టెలిఫోన్ లైన్లు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వెనక గదిలో లైసెన్సు తీసుకుని పెట్టుకున్న రేడియో స్టేషనే ఆయన లోకం. రోజూ పొద్దున్న ఏడింటికి ఆ రేడియోలోనే, ముఖాలు కూడా చూసుకోని ఆరుగురు స్నేహితులతో మాట్లాడేవాడు. వీధిలో అందరూ ఆయన్ని మీటరు మాస్టారు అంటారు. ఒళ్ళు కాలిపోతున్నా థర్మామీటరు చెబితే తప్ప జ్వరమని ఒప్పుకోని మనిషి. మూడు వారాలుగా ఆ స్టేషను మూగబోయింది. సంగతి కూతురికి తెలుసు. ఈ వయసులో ఆయనకి కాలక్షేపమేగా, తప్పెక్కడుందో వెతుక్కుంటాడులే అనుకుని పట్టించుకోలేదు.

వీళ్ళు వెళ్ళేసరికి తండ్రి పెరట్లో యాంటెన్నా స్తంభం కింద ఉన్నాడు. ముప్పై అడుగుల ఇనుప గొట్టం అది. కాలు పెట్టడానికి అటూ ఇటూ కమ్మీలు అతికించి ఉంటాయి. ఆయన నడుముకి బెల్టు కట్టుకుని, జేబులో పానా దోపుకుని, మొదటి కమ్మీ మీద కాలు పెట్టాడు.

"నాన్నా, ఒక్క నిమిషం. అమ్మ కొత్త కేబుల్ కొంది నీకు."

"మీ అమ్మా?" ఆయన కాలు దించి భార్య వంక వింతగా చూశాడు. "వద్దు. తప్పెక్కడుందో తెలీకుండా కొత్తది వేస్తే అది బాగుచెయ్యడం కాదు, తప్పించుకోవడం."

"తప్పించుకుంటే ఏం పోయింది? పాతది పారెయ్యండి, కొత్తది పెట్టండి," అంది తల్లి.

"నీకు తెలీదే. ఇది మామూలు తప్పు కాదు. సెట్టు పంపించే పవరు యాంటెన్నా దాకా వెళ్ళకుండా వెనక్కి తిరిగొస్తోంది. పైకెక్కి కేబుల్ ఊడదీసి మీటరు పెడితే అంతా సవ్యంగా చూపిస్తుంది. మళ్ళీ తగిలించి కిందికొస్తే మళ్ళీ మొదటికే. నాతో దాగుడుమూతలు ఆడుతోంది."

"ఎన్నిసార్లు ఎక్కావు?" అంది కూతురు.

"నోటుబుక్కులో ఉంది. పద్నాలుగు. ఇప్పుడు పదిహేను."

కూతురు ఒకసారి స్తంభాన్ని, ఒకసారి తండ్రి మోకాళ్ళని చూసింది. "ఎక్కకుండా వెతికే దారేదీ లేదా?"

"ఎందుకు లేదూ. ఒకరు కేబుల్‌ని జానెడు జానెడు వంచుతూ రావాలి. ఇంకొకరు లోపల మీటరు చూడాలి. ఎక్కడ వంచితే ముల్లు గెంతుతుందో తప్పక్కడ. కానీ దానికి ఇద్దరు కావాలి. మీ అమ్మనడిగితే చేతులు ఖాళీ లేవంటుంది. కుట్టుమిషను వదిలి రాదు."

"నా చేతులు ఖాళీగానే ఉన్నాయి," అంది కూతురు.



తండ్రి సెట్టుని బాగా తక్కువ పవరులో పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాడు. కూతురు స్తంభం మొదట్లోంచి మొదలుపెట్టి, గోడ వెంబడి వస్తున్న నల్లటి కేబుల్‌ని రెండు చేతుల మధ్యా మెల్లగా వంచుతూ వచ్చింది. "సరే," "సరే," అని లోపల్నుంచి ఆయన గొంతు. తల్లి వెనకాలే నడుస్తోంది. కిటికీకి రెండడుగుల కింద, కేబుల్ మలుపు తిరిగే చోట, కూతురి చెయ్యి ఆగకముందే లోపల కుర్చీ చప్పుడయింది.

"కదలకు. అక్కడే పట్టుకో."

ఆయన చాకు తీసుకుని బయటికొచ్చాడు. సెట్టు ఆపేసి వచ్చానని చెప్పి తొడుగుని నిలువునా చీల్చాడు. లోపల రాగి అల్లిక, దాని లోపల తెల్లటి పొర, నడి మధ్యన తీగ. ఆ అల్లికలోంచి తీగ దాకా అడ్డంగా ఒక సన్నటి ఉక్కుముక్క మెరుస్తోంది. పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. తల కత్తిరించేసిన గుండుసూది.



"ఇది అరుగుదల కాదు. తుప్పు కాదు. ఎవరో చేశారు," అన్నాడు తండ్రి. "కేబుల్ బిగువుగా ఉంటే సూది తీగకి తగులుతుంది. పైన ఊడదీయగానే వదులై తగలదు. అందుకే దొరకలేదు. నా పెరట్లోకొచ్చి, నా కిటికీ కింద కూర్చుని, చేశారమ్మా."

"ఎవరు చేస్తారు నాన్నా?"

"ఇంకెవరు? పక్క మేడమీద ఆవిడే. మా మాటలు తన టీవీలో గరగరమంటున్నాయని పోట్లాడింది కదా. అడిగొస్తాను." చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఒక కాలికి దొరికింది, ఇంకో కాలికి దొరకలేదు.

కూతురు మాత్రం ఆ సూదినే చూస్తోంది. అంత సన్నటి, అంత పొడుగాటి సూది తన దుకాణంలో దొరకదు, ఆ మేడమీదావిడ ఇంట్లో ఉండదు. పట్టు గుడ్డ చిరగకుండా మడతలు పెట్టడానికి వాడే సూది. చిన్నప్పట్నుంచీ చాప మీద కూర్చుంటే కాలికి గుచ్చుకుంటూ వచ్చిన సూది.

"ఆవిడ కాదండీ," అంది తల్లి.

ఆయన ఒక చెప్పుతో ఆగాడు.

"నేనే."

"నీకిది ఎలా తెలుసు? ఇలా చెయ్యొచ్చని ఎవరు చెప్పారు నీకు?"

"మీరే చెప్పారు. పోయినేడాది అన్నం తింటూ. మీ రోజుల్లో ఎవడో పక్కవాడి యాంటెన్నా నోరు మూయించడానికి కేబుల్లో సూది గుచ్చి తల తుంచేశాడని. పగలబడి నవ్వారు కూడా."

తండ్రి స్తంభం కిందున్న సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాడు. కోపం వస్తుందని కూతురు ఎదురుచూసింది. కోపమైతే తూకం తెలిసిన సరుకు. ఆయన గొంతులోంచి వచ్చింది అది కాదు.

"ఇరవై రెండు రోజులే. నా ఎదురుగా కూర్చుని కాఫీ ఇచ్చావు. దొరికిందా అని అడిగావు."

"దొరకాలనే అడిగాను. మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు నేనూ వెతికాను. కంగారులో ఎక్కడ గుచ్చానో గుర్తులేక కేబులంతా వేళ్ళతో తడిమాను. తల కత్తిరించేశాను కదా, నాకే దొరకలేదు."

"అసలెందుకు చేశావు?"

"రేడియో పలక్కపోతే మీరు స్తంభం ఎక్కరనుకున్నాను."

అంతకు ముందు ఆయన రెండు నెలలకోసారి ఎక్కేవాడు. సూది గుచ్చాక మూడు వారాల్లో పద్నాలుగుసార్లు. ఇంత ఘోరంగా తలకిందులైన అంచనాని ఆమె తన వ్యాపారంలో కూడా ఎన్నడూ చూడలేదు. పద్నాలుగుసార్లూ తల్లి కింద నిలబడి చూస్తూనే ఉంది. అందుకే ఆవిడ పొద్దున్నే దుకాణం మెట్లెక్కింది.

"ఎక్కితే ఏమవుతుందే? నేనెప్పుడైనా జారానా?"

"జారలేదు. ఆగిపోయారు."

"ఆగిపోవడమేంటి?"

"పై నట్టు బిగించాలని ఎక్కారే, ఆ రోజు. బిగిస్తూ బిగిస్తూ అలాగే ఉండిపోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాలుగుసార్లు పిలిచాను. మీరు పలకలేదు. దిగాక కాఫీ అయిందా అన్నారు. ఇలా అయిందండీ అని చెబితే, ఏదో ఆలోచిస్తున్నానే అని కొట్టిపారేశారు."

"ఆలోచిస్తూనే ఉండి ఉంటాను. నువ్వు భయంలో ఒక నిమిషాన్ని పది చేసి చెబుతున్నావు."

"ఏ రోజమ్మా అది?" అంది కూతురు.

"సూది గుచ్చడానికి ముందు రోజు."

కూతురు లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. ఆయన ప్రతి మరమ్మతూ టైముతో సహా రాస్తాడు. ఇరవై మూడు రోజులు వెనక్కి తిప్పి పైకి చదివింది.

"'సాయంత్రం ఆరున్నర. పై నట్టు బిగింపు. ఐదు నిమిషాల పని. దిగేసరికి టేబుల్ గడియారం పన్నెండు నిమిషాలు ముందుకెళ్ళి ఉంది. వెనక్కి తిప్పాను.'"

"ఆ, గుర్తుంది. బ్యాటరీ తేడా చేసింది," అన్నాడు తండ్రి.

"మర్నాడు ఏం రాశావో విను. 'గడియారం పన్నెండు నిమిషాలు వెనకబడింది. స్నేహితుల టైముతో సరిచూసి ముందుకు తిప్పాను. బ్యాటరీ మార్చాను.'" కూతురు పుస్తకం దించింది. "ఒక రోజు పన్నెండు ముందుకెళ్ళిన గడియారం, మర్నాడు సరిగ్గా పన్నెండే వెనక్కి ఎందుకొస్తుంది నాన్నా?"

ఆయన పుస్తకం లాక్కున్నాడు. వేలు పెట్టి తన రాత తనే చదువుకున్నాడు. ఒకసారి, రెండోసారి. వేలు మొదటి వాక్యం మీద ఆగిపోయింది.

"గడియారంలో తప్పు లేదు," అన్నాడు చివరికి.

పానా జేబులోంచి జారి నేల మీద పడింది. తీసుకోలేదు.

"ఆ రోజు బెల్టు కూడా కట్టుకోలేదు మీరు," అంది తల్లి మెల్లగా. "ఒక్క నట్టుకి బెల్టెందుకన్నారు."

"పన్నెండు నిమిషాలు," అన్నాడు. "పన్నెండు నిమిషాలు నువ్వేం చేశావు?"

"గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తారేమోనని మళ్ళీ పిలవలేదు. లోపలికెళ్ళి మన మంచం మీది పరుపు ఈడ్చుకొచ్చాను. దిండ్లు తెచ్చాను. చాలలేదు. కుట్టడానికొచ్చిన బట్టల మూటలన్నీ తెచ్చి స్తంభం చుట్టూ పేర్చాను. మీరు ఎటు పడతారో తెలీదు కదా. మీరు కదిలి మళ్ళీ పానా తిప్పడం మొదలెట్టాక ఒక్కొక్కటీ లోపలేశాను. చూస్తే ఎగతాళి చేస్తారని. పరుపు మీద మట్టేంటని విసుక్కున్నారు ఆ మర్నాడు."

తండ్రి రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తండ్రి ఏడవడం కూతురు అంతకు ముందు చూడలేదు. చూడాల్సి వస్తుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

"నాకు గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి.

"చెప్పాను. చూపించడానికి నా దగ్గర మీటరు లేదు."

తండ్రి నడుం బెల్టు విప్పే ప్రయత్నం చేశాడు. వేళ్ళు సహకరించలేదు. తల్లి వంగి కొక్కెం తీసింది. కూతురు అప్పటికే ఆస్పత్రికి ఫోను చేస్తోంది.

డాక్టరు ఆయన తల నిండా తీగలు అతికించి, కాగితం మీద పడ్డ గీతలు చూపించాడు. మెదడులో కరెంటు ఒక్కోసారి దారి తప్పుతోంది, అంతసేపూ మనిషి ఉండీ ఉండనట్టే అన్నాడు. మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుందన్నాడు. ఎత్తులు ఎక్కకూడదన్నాడు. తండ్రి ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, పక్కన కూర్చున్న భార్య వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే," అన్నాడు.

రెండు వారాలకి కొత్త కేబుల్ వెయ్యడానికి కూతురు స్తంభాలెక్కే మనిషిని పంపించింది. పాతికేళ్ళుగా అదే పని చేస్తున్నవాడు. బెల్టు కట్టుకుని, కేబుల్ కొస భుజాన తగిలించుకుని చకచకా పైకెళ్ళిపోయాడు. తండ్రి స్తంభం మొదట్లో నిలబడ్డాడు. ముప్పై ఐదేళ్ళలో ఆ స్తంభం ఇంకొకరు ఎక్కుతుంటే ఆయన కింద నుంచి చూడటం అదే మొదలు. తల్లి పక్కనే ఉంది. కూతురు గుమ్మంలోంచి చూస్తోంది.

"ఆ పై కొక్కేనికి కట్టవయ్యా ముందు," అని కేకేశాడు తండ్రి.

పైనుంచి జవాబు రాలేదు. ఆ మనిషి చెయ్యి కదలడం ఆగింది. ఒక క్షణం. రెండు.

"ఏమయ్యా." ఇంకో క్షణం. "ఏమయ్యా, పలుకు." తండ్రి స్తంభానికి ఒక అడుగు దగ్గరగా జరిగాడు.

"నోట్లో నట్టుంది మాస్టారూ," అన్నాడు పైవాడు, నట్టు చేతిలోకి తీసుకుని. "రెండు చేతులే కదా ఇచ్చింది దేవుడు."

తండ్రి అప్పుడు చూసుకున్నాడు, తన చెయ్యి భార్య మణికట్టుని ఎంత గట్టిగా పట్టుకుందో. ఆయన వేళ్ళ కింద ఆవిడ చర్మం తెల్లగా పాలిపోయింది. వదలబోయాడు.

"ఇంకా దిగలేదు కదండీ," అంది ఆవిడ. "పట్టుకునే ఉండండి."