తీజ్ బుట్టలో తెల్ల ఇసుక

"ఫంగస్ కల్చర్ మాయమైంది. మిగిలిన కుండీలన్నిట్ల బ్లీచింగ్ పోసి చంపిన్రు. అది దేశం దాటిందంటే మళ్లీ దొరకదు." ఇయర్‌పీస్‌లో చీఫ్ సారంగపాణి గొంతు. "దొంగ ఎవరో తెలుసా?"

తెలుసు. "డాక్టర్ సునంద సార్," అన్నాడు కోటేష్.

భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ ల్యాబ్‌లో అతను అటెండర్ వేషంలో ఉన్న గూఢచారి. అక్కడ మొలకల వేళ్లకు ఒక శిలీంధ్రాన్ని పట్టిస్తారు. అది పట్టిన మొక్క బొగ్గుగనుల మట్టిదిబ్బ మీద కూడా నిలబడుతుంది. ప్రాణమున్న వేరు లేకపోతే ఆ శిలీంధ్రం బతకదు. ఇదంతా ఓపికగా నేర్పింది డాక్టర్ సునంద. నిన్నటిదాకా విదేశీ ముఠాలో మన ఏజెంట్. ఇప్పుడు మనలో వాళ్ల ఏజెంట్.

"ఎట్ల దాటిస్తది?"

"మొలకలతోనే సార్."

చండ్రుగొండ దగ్గరి కోటేష్ లంబాడీ తండాలో ఆ రోజు తీజ్ పండుగ. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలను నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ వాగులో నిమజ్జనానికి బయలుదేరారు. వాగు అవతల నల్ల కారు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది.

ముసలి సోమ్లి పకపకా నవ్వింది. "ఓ పిల్లా, ఇసుకల తీజ్ ఏందే? మీ తండాల మేకలు లేవా?"

గట్టు మీద జనంలో ఉన్న కోటేష్ తలెత్తాడు. మిగతా బుట్టల నుంచి నల్లని మేక ఎరువు నీళ్లు కారుతున్నాయి. ఒక్క బుట్ట నుంచి తెల్ల ఇసుక రాలుతోంది. ఎరువు దండిగా ఉంటే శిలీంధ్రం వేరును పట్టదు. తీజ్ ముచ్చట సునందకు చెప్పింది తనే. ఎరువు సంగతీ చెప్పాడు. ఆమె వేయలేకపోయింది.

ఆ బుట్ట కింద అద్దాల రవిక, ముఖం మీద ముసుగు. ఆమె వడివడిగా వాగులోకి దిగింది. అతనూ దిగాడు.

"రాకు కోటేష్. బుట్ట ముంచేస్తాను."

అతను పిస్టల్ తీయలేదు. "ముంచున్రి మేడమ్."

బుట్ట అడుగు నీటిని తాకింది. ఆమె అక్కడే ఆపింది. అవతల కారు హారన్ మోగింది. ఇంకొక్క జానెడు దించితే చాలు.

"అమ్ముకుందామనుకున్నాను," అంది. "చంపుకోలేను."

బుట్ట అతని చేతుల్లో పెట్టింది. అవతలి గట్టున చీఫ్ పంపిన పోలీసులు కారును చుట్టుముట్టారు.

"నేను నీతో అన్నవన్నీ అబద్ధాలు కావు కోటేష్."

"ఏవి నిజమో చెప్పకున్రి మేడమ్. నేను తట్టుకోలేను."

జీపు ఎక్కేదాకా ఆమె బుట్టనే చూసింది. అతను ఆమెను చూశాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఇప్పుడు ఏం కావాలె నీకు?"

"నన్ను అదే ల్యాబ్‌ల అటెండర్‌గా ఉంచున్రి సార్."

"పిచ్చోడా, అది వేషంరా!"

"అవ్ సార్. నాకు కుదిరింది గదొక్కటే."