గంట వెనకటి నీళ్లు

కుళాయి గుడగుడమంది. డాక్టర్ కుముదిని చేతిలోని ఫోన్‌లో బూడిదరంగు చుక్క నీలంగా మారింది. రెండింటికీ మధ్య ఎంత వ్యవధి ఉందో పక్కనున్న కంప్యూటర్ లెక్క కట్టింది. అర సెకను.

చుట్టూ ఉన్న ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. కుముదిని చప్పట్లు కొట్టలేదు గాని, రెండేళ్లలో మొదటిసారి ఆ ఉదయం ప్లేట్లో టిఫిన్ మిగల్చకుండా తిన్నది.

అర సెకనుకే ఇంత సంబరమా అనుకునేవాళ్లకి నీలాద్రిపురం నీళ్ల సంగతి చెప్పాలి. చెరువులన్నీ ఎండిపోయాక ఆ రేవు పట్నం సముద్రపు నీటిని శుద్ధి చేసుకుని తాగుతోంది. శుద్ధి చేసే ప్లాంటు గాలిమరల మీద నడుస్తుంది. గాలికి పంచాంగం లేదు. ఒకరోజు పొద్దున్నే నీళ్లొస్తాయి, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి వస్తాయి. వస్తే పట్నమంతటికీ ఒకేసారి వస్తాయి, గంటన్నర ఉండి పోతాయి. ఆ కబురు జనానికి చెప్పడానికి జలమండలి తన వెబ్‌సైట్‌లో ఒక రిపోర్ట్ పెట్టింది. అందులో పట్నం మ్యాపు ఉంటుంది, వీధికొక చుక్క ఉంటుంది. ఆ వీధి వాల్వు తెరుచుకుంటే చుక్క నీలంగా మారుతుంది.

చిక్కంతా ఆలస్యంతోనే వచ్చింది. లక్షలమంది ఒక్కసారి పేజీ తెరిస్తే అసలు రిపోర్ట్ తట్టుకోలేదు. అందుకని దాని నకళ్లు తీసి అక్కడక్కడా ఉన్న సర్వర్లలో ఉంచేవారు. మనం చూసేది ఆ నకలునే. పాత నకలు తీసేసి కొత్తది పెట్టుకోవడానికి ఒక సర్వర్‌కి అయిదు నిమిషాలు పడితే ఇంకోదానికి గంట పట్టేది. ఏ రోజు ఎవరి ఫోన్‌కి ఏ సర్వర్ దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఎదురింటి ట్యాంకు నిండి పొర్లుతుంటే మన చుక్క ఇంకా బూడిదరంగులోనే ఉండేది. అది నీలంగా మారి, మనం పరుగెత్తేసరికి సగం ట్యాంకు నిండితే గొప్ప. ఊరంతా దీనికి గంట వెనకటి నీళ్లని పేరు పెట్టింది. తాళి కట్టాక వచ్చిన మేనమామని జలమండలి పేజీ చూసి బయల్దేరావా అని అడిగేవారు.

జలమండలి పరిశోధన విభాగంలో పనిచేసే కుముదినికి ఈ వెక్కిరింత ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఆలస్యమంటేనే ఆమెకు పడదు. రెండేళ్లు కూర్చుని తక్షణి అనే పెట్టె తయారుచేసింది. అరచేయంత ఉంటుంది, వాల్వుకొకటి బిగిస్తారు. దానికి నకళ్లతో పని లేదు. వాల్వు కదలగానే పట్నంలోని ఫోన్లన్నిటికీ తానే నేరుగా కబురు పంపుతుంది. అందరికీ ఒకే కబురు, ఒకే క్షణంలో.

జనం మురిసిపోయారు. ఇన్నాళ్లకి గవర్నమెంటులో ఒక పని టైముకి జరిగిందన్నారు. మేయర్ సన్మానానికి ముహూర్తం పెట్టించాడు.

ఏడో రోజు ఉదయం ఒక నడివయసు మనిషి చేతిలో ఖాళీ బిందెతో కుముదిని గదిలోకి వచ్చింది. పేరు పైడమ్మ. కొండమీద మెట్టవీధిలో ఉంటుంది. రెండువందల మెట్లు దిగి వచ్చిందేమో, కాస్త ఆయాసపడుతోంది.

"అమ్మా, మా మెట్టకి ఆరు రోజులై సుక్క నీరు ఎక్కనేదు," అంది.

కుముదిని వెంటనే మెట్టవీధి రికార్డు తీసింది. ఆరు రోజులూ వాల్వు తెరుచుకుంది, ఆరు రోజులూ చుక్క నీలంగానే ఉంది. స్క్రీన్ ఆమె వైపు తిప్పి చూపించింది. తప్పెక్కడుందో కుముదినికి నిజంగానే అర్థం కాలేదు.

పైడమ్మ స్క్రీన్‌ని శ్రద్ధగానే చూసింది. "ఈ నీరు మిషన్లో పొయ్యడానికి అవదు కదమ్మా," అంది నెమ్మదిగా.

ఏ మిషనని అడిగితే అప్పుడు చెప్పింది. ఆమె భర్త సన్యాసయ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. ఇంట్లోనే నెత్తురు శుభ్రంచేసే మిషన్ పెట్టుకున్నారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారికి ఎనిమిది బిందెల మంచినీళ్లు కావాలి. ఇప్పటికి రెండుసార్లు తప్పిపోయింది. అతని కాళ్లు వాచాయి. ఆస్పత్రిలో మంచం దొరకాలంటే మూడు వారాలు ఆగమన్నారు.

ఆ మధ్యాహ్నమే కుముదిని ఫోర్‌మన్ గౌరునాయుడిని వెంటబెట్టుకుని కొండెక్కింది. ముప్పై ఏళ్లుగా ఆ ఊరి పైపులతో కాపురం చేస్తున్న మనిషి అతను. మెట్టవీధిలో ఎవరికీ మోటార్లు లేవు. వాళ్లు పేజీ కూడా చూడరు. కుళాయి తిప్పి దానికింద బిందె పెట్టి వదిలేస్తారు, చప్పుడైతే వస్తారు. సన్యాసయ్య గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంత నీరసంలోనూ మేడమ్‌కి కుర్చీ వెయ్యమని భార్యకి చెప్పాడు. కుముదిని అతని పాదాల వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఒంటిగంటకి చుక్క నీలంగా మారింది. మరుక్షణం కింద పట్నంలోంచి రొద లేచింది. ఊళ్లో పిండిమరలన్నీ ఒక్కసారి ఆడించినట్టుంది. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. గౌరునాయుడు పైపుకి బిగించిన మీటర్‌లో ముల్లు సున్నాకి పడిపోయింది.

"మోటార్లండి," అన్నాడతను. "కుళాయిలకి తగిలించుకుంటారు. నీరు లేకండా ఏస్తే కాలిపోతాయని పేజీ నీలమయ్యేదాకా ఎవుడూ ఎయ్యడు. ఇదివరకు ఒకడికి ముందు, ఒకడికి ఎనక తెలిసీది. ఒకడి ట్యాంకు నిండి ఆపితే ఇంకోడు ఏసీవోడు. మద్దిన ఈ మెట్టకి నీరెక్కే తోపు దొరికీది. ఆలీసంగా తెలిసినోడికి దక్కని సగం ట్యాంకే ఇక్కడికి ఎక్కీది. నీరు పల్లమెరుగు కదండీ, మరి కొండెక్కాలంటే తోపుండాల."

కుముదినికి పెళ్లి బంతులు గుర్తొచ్చాయి. పెళ్లిభోజనాలు బంతులుగా వడ్డిస్తారు కాబట్టి అందరికీ ఆకు దొరుకుతుంది. తను ఊరందర్నీ మొదటి బంతికే పిలిచింది. ఎవరు పస్తున్నారో చూడకుండానే ఆరు రోజులు చప్పట్లు అందుకుంది. ఆమెకి చాలా సిగ్గేసింది.

ఆ సాయంత్రమే జలమండలి మనుషులచేత ఎనిమిది బిందెలు మోయించి సన్యాసయ్య మిషన్ నడిపించింది. కాని రోజూ వీధికంతటికీ అలా మోయించడం కుదిరే పని కాదు. మోటార్లు పట్టుకుందామని కమిషనర్‌ని అడిగితే ఆయన నవ్వాడు. అంతకుముందు మూడుసార్లు దాడులు చేశారట, మూడుసార్లూ మోటార్లు బియ్యం బస్తాల వెనక్కి వెళ్లాయట. దాడి ముగిసిన గంటకి మళ్లీ కుళాయిల దగ్గరికి వచ్చాయట.

ఇక మిగిలింది ఒకటే దారి. కుముదిని మూడు రోజులు కూర్చుని తక్షణికి కొత్త పని నేర్పింది. కబురు అర సెకనులోనే దానికి తెలుస్తుంది. కాని ఒక్కో ఫోన్‌కి ఒక్కో సమయంలో, నిమిషం నుంచి గంట దాకా ఆపి చెబుతుంది. ఇవాళ ముందు తెలిసినవాళ్లకి రేపు వెనక తెలుస్తుంది. కమిషనర్ ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. ఈ సంగతి గదిలో ఉన్న ముగ్గురికి తప్ప నాలుగోవాడికి తెలియకూడదు. కావాలని ఆపుతున్నారని తెలిస్తే మన జనం వారం తిరక్కుండా అడ్డదారి కనిపెడతారు. అది నిజమే. గౌరునాయుడు కూడా మాటిచ్చాడు.

మర్నాడే మెట్టవీధిలో బిందెలు నిండాయి. మర్నాడే జలమండలి ఫోన్లు మోగడం మొదలైంది. మళ్లీ పాత పాటేనా అన్నారు. ఆవిడకి డాక్టరేట్ ఎవరిచ్చారని అడిగారు. పత్రికలవాళ్లు తక్షణి పక్కన కుముదిని ఫొటో వేసి, ఆరంభశూరత్వం అని రాశారు. సన్మానం వాయిదా పడింది, ఎప్పటికో ఎవరూ చెప్పలేదు. ఫైల్లో మాత్రం సాంకేతిక లోపం అని ఆమే తన చేత్తో రాసి సంతకం పెట్టింది. ఆ పూట అన్నం సహించలేదు.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం కొండెక్కింది. లోపల మిషన్ మెల్లగా తిరుగుతోంది. సన్యాసయ్య దాని పక్కన పడుకుని పేపరు చదువుతున్నాడు. కాళ్ల వాపు పూర్తిగా తగ్గింది. పైడమ్మ టీ పెట్టి తెచ్చి, పక్కనే కింద కూర్చుంది.

"నీ పెట్టె పాడైపోనాదట కదమ్మా," అంది జాలిగా. "ఊరంతా నిన్నే అంతన్నారు."

"అవునమ్మా," అంది కుముదిని.

"దిగులెట్టుకోకు. నేర్సుకున్న పనిలో ఒకటి సెడతాది, ఒకటి కుదురుతాది. ఇయ్యేళ కాకపోతే రేపు ఇంకోటి సేత్తావు." పైడమ్మ ఒకసారి లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏటనుకోనంటే ఒక మాట సెప్తాను. నీది పాడైపోయాకే మాకు నీరొచ్చింది తల్లీ. దాన్ని మాత్రం మల్లీ బాగుసెయ్యకు."

బాగుచెయ్యనని కుముదిని మాటిచ్చింది.